సివిల్ డిప్లొమాలో మన పిల్లలు ఏమి నేర్చుకుంటారు?

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పదవ తరగతి పాసైన పిల్లవాణ్ణి పాలిటెక్నిక్‌లో సివిల్ కోర్సులో చేర్చమంటే మన ఇళ్ళలో ముందుగా వచ్చే మాట ఒకటుంది. "వాళ్ళ అబ్బా మేస్త్రీయే గదా, గోడ కట్టడానికి మూడేళ్ళ చదువెందుకు?" అంటారు. ఈ ప్రశ్నను తేలికగా తీసిపారేయకూడదు. మూడేళ్ళపాటు ఒకరి సంపాదన ఇంటికి రాకపోవడం చిన్న సంగతి కాదు. కనుక అక్కడ ఏమి నేర్పుతారో చెబుతాను, లాభనష్టాలు మీరే లెక్క చూసుకోండి.

మొదటిది సర్వే. గొలుసు, కంపాసు, లెవెల్, థియొడొలైట్, ఇప్పుడు టోటల్ స్టేషన్ కూడా. దీని విలువ తెలియాలంటే మన ఎడమ కాలువను చూడండి. లాల్ బహదూర్ కాలువ అని పేరు. సాగర్ నుంచి బయలుదేరిన ప్రధాన కాలువలో నీరు తన బరువుతో తానే, వాలును పట్టి పారుతుంది. వాలు మితిమీరితే నీరు కాలువను కోస్తుంది, చాలకపోతే ఒండ్రు మేట వేస్తుంది. కంటికి కనిపించని ఆ వాలును కొలిచి నేలమీద గుర్తు పెట్టేదే లెవెలింగు. ఇంటి పనిలో మేస్త్రీ ట్యూబులో నీళ్ళు నింపి మట్టం చూస్తాడే, అదే విద్య మైళ్ళ దూరానికి పెరిగిందనుకోండి.

రెండవది నీటి లెక్క. క్యూసెక్ అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. ఒక్క క్యూసెక్ ఇరవైనాలుగు గంటలు పారితే 86,400 ఘనపుటడుగులు. ఎకరానికి 43,560 చదరపుటడుగులు. అంటే సుమారు రెండెకరాల్లో అడుగు లోతు నీరు నిలుస్తుంది. చివరి భూముల రైతు నీరు రాలేదంటే, ఎంత రావాలి, ఎంత వచ్చింది అని లెక్క కట్టి చెప్పగలవాడు ఊళ్ళో ఒకడైనా ఉండవద్దా?

మూడవది కాంక్రీటు. మేళ్ళచెరువు, వాడపల్లి సిమెంటు మనకు దగ్గరే. కాని మాలులో నీళ్ళు ఎక్కువైతే పోయడం సులువు, బలం మాత్రం తగ్గుతుంది. అందుకని విద్యార్థులు స్లంపు పరీక్ష చేస్తారు, పదిహేను సెంటీమీటర్ల దిమ్మలు పోసి 7 రోజులకు, 28 రోజులకు విరిచి చూస్తారు. స్లాబు మీద నీళ్ళు నిలిపి ఎందుకు తడపాలో పుస్తకంలోనే కాదు, ఆ దిమ్మ విరిగినప్పుడు కళ్ళారా చూస్తారు.

నాలుగవది ఎస్టిమేటు. అసలు సంగతి ఇక్కడ ఉంది. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు, తొమ్మిదంగుళాల మందం గోడ 150 ఘనపుటడుగులు. అందులో నాలుగడుగుల చదరపు కిటికీ ఉంటే 12 తీసివేయాలి, మిగిలేది 138. డబ్బు చెల్లించేది ఈ అంకెను బట్టి. కొలతల పుస్తకంలో ఏమి రాశారో చదవలేని మేస్త్రీ, ఎంత బాగా కట్టినా, ఇచ్చింది పుచ్చుకొని రావలసిందే. చేతిలో పనితనం ఉండి కాగితం రానందువల్ల మనవాళ్ళు పోగొట్టుకున్నది ఎంతో!

సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. 26 గేట్లు, 124 మీటర్ల ఎత్తు, రాతి కట్టడం. వేలమంది కూలీల చేతులు కట్టాయి, నిజమే. కాని రాయి ఎక్కడ పడాలో ముందు నక్షా చెప్పింది. నిజాంసాగర్ నిర్మించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఈ విద్యే చదివిన మనిషి. ఆయన పుట్టిన జులై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు. ఆయన హయాంలో కట్టిన పాలేరు చెరువులోకి నేడు మన ఎడమ కాలువ నీరే చేరుతున్నది.

చేరే దారి కష్టమైనది కాదు. పదవ తరగతి తరువాత పాలిసెట్ రాయాలి. డిప్లొమా పూర్తయ్యాక ఈసెట్ రాస్తే బి.టెక్. రెండవ సంవత్సరంలో చేరవచ్చు. ఉర్దూలో చదివిన పిల్లలకు హైదరాబాదులో మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం పాలిటెక్నిక్ ఉన్నది. ఆడపిల్లలకు ఇది పనికిరాదనే మాట మానండి. డ్రాయింగు, ఎస్టిమేటు, పరీక్షశాల పని, సైటు పని అన్నీ వాళ్ళు చేయగలరు.

ఒక్క హెచ్చరిక. సర్టిఫికెట్టు చేతికి రాగానే ఉద్యోగం నడిచి రాదు. సెలవుల్లో తండ్రి వెంట పనికి వెళ్ళిన పిల్లవాడికే చదువు ఒంటబడుతుంది. తండ్రి తూకం గుండు, కొడుకు నక్షా ఒకే ఇంట్లో కలిస్తే ఆ ఇంటికి రావలసిన కూలిని ఎవరూ తగ్గించి రాయలేరు.

ఈ సంవత్సరం పదవ తరగతి రాసే పిల్లల పేర్లు పేటలవారీగా రాసుకొని, పాలిసెట్ గడువు దాటకముందే వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మాట్లాడాలని మన కార్యవర్గాన్ని కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.