వలతో పాటు ఒక నోటు బుక్కు



అనంతపురం పేరు చెప్పగానే ఎవరికైనా వేరుశనగ, కరువు, ఎండిన బోర్లు గుర్తుకొస్తాయి. అక్కడ చేపలెక్కడివి అని బయటివాళ్లు నవ్వుతారు. ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. ఆ వాననంతా ఇంకకుండా, ఆరకుండా నేల మీద నిలబెడితే మనిషి మోకాలికి కొంచెం పైకి వస్తుంది. అంతే! అదీ అన్నేళ్లూ పడదు.

అయినా చెరువులు ఉన్నాయి. బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు, సింగనమల చెరువు, బుక్కరాయసముద్రం చెరువు. పాత రాజుల కాలం నాటివి. 2022లో జిల్లా రెండుగా విడిపోయింది. బుక్కపట్నం, ధర్మవరం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. పేరు మారినా కరువు మారలేదు లెండి. తుంగభద్ర కాలువ నీళ్లు పెనకచెర్ల డ్యాంకు వస్తాయి. 2012లో హంద్రీ-నీవా నీళ్లు జీడిపల్లి రిజర్వాయరుకు చేరాయి. నీళ్లున్న చోటల్లా చేప ఉంది. చేప ఉన్నచోట వల ఉంది, గంప ఉంది. గంప ఎత్తుకుని సంతకు పోయే ఆడమనిషి ఉంది.

ఆ ఆడమనిషి కోసమే ఈ మాటలు. ఆమె అక్షరాలు నేర్చుకుంది. పేరు రాస్తుంది. బస్సు బోర్డు చదువుతుంది. కూడికలు, తీసివేతలు వచ్చు. ఆ చదువును చేపల పనిలో ఎట్లా వాడుకోవాలి?

ఒక నోటు బుక్కు పెట్టుకోవాలి. పెద్దది అక్కర్లేదు. పిల్లల బడి పుస్తకంలో మిగిలిన కాగితాలు కుట్టుకున్నా చాలు. పెన్ను వద్దు, పెన్సిలుతో రాయండి. తడి చేయి తగిలితే సిరా కారిపోతుంది. పెన్సిలు గీత అట్లా చెరగదు. ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వంటింట్లో మేకుకు తగిలించండి. రాత్రి అన్నాలు తిన్నాక ఐదు నిమిషాలు చాలు. రేపు రాద్దాంలే అంటే ఇక రాసినట్లే!

ఏం రాయాలి? ఒక రోజు పేజీ ఇట్లా ఉంటుంది. ఇందులో అంకెలు ఉదాహరణకే.

"15వ తేదీ. ఆదివారం. రాత్రి వాన. నీళ్లు తూము దగ్గర నాలుగో మెట్టు దాకా. బొచ్చె 7 కిలోలు. జిలేబి 3 కిలోలు. ఇంటికి జిలేబి 1 కిలో. బొచ్చె కిలో 120 లెక్కన 840. జిలేబి 2 కిలోలు, 60 లెక్కన 120. మొత్తం 960. ఐసు 40, ఆటో 100. మిగిలింది 820."

అంతే. ఒత్తులు తప్పినా ఫరవాలేదు. 'బొచ్చె' అని రాయడం రాకపోతే 'బొ' అని రాయండి. చేప బొమ్మ వేసినా సరే. కానీ తేదీ మాత్రం తప్పకూడదు. తేదీ లేని లెక్క పంచాయితీలో పనికి రాదు.

ఇంకొక మాట. వల వేసిన రోజు ఏమీ పడకపోతే చాలామంది ఏమీ రాయరు. అది సరి కాదు. "వల వేశాం. పడలేదు" అని రాయాలి. మంచి రోజులు మాత్రమే రాసుకుంటే పుస్తకం చూసినవాళ్లకు రోజూ పండగే అనిపిస్తుంది. ఆమెకే అట్లా అనిపిస్తుంది. తర్వాత అప్పు ఎందుకైందో అర్థం కాదు.

ఇప్పుడు అప్పు సంగతికి వద్దాం. ఒక అక్క ఉంది అనుకోండి. కొత్త వల కొనాలి. డబ్బు లేదు. చేపల వ్యాపారి 20,000 రూపాయలు ఇచ్చాడు.

"వడ్డీ ఎంతన్నా?" అని అడిగింది ఆమె.

"నీ దగ్గర వడ్డీ ఏందమ్మా! చేపలు మాత్రం నాకే వేయాల. నీ అసలు నీకు వీలైనప్పుడు ఇద్దువుగానీ" అన్నాడు అతను.

మంచివాడే అనుకుంది. సంతలో కిలో 120 పలికే చేపను అతను 100కి తీసుకుంటాడు. కిలోకు 20 రూపాయలే కదా అని ఆమె పట్టించుకోలేదు. రోజుకు పది కిలోలు వేస్తుంది. నెలకు ఇరవై రోజులు వేట. పుస్తకం ఉంటే ఏం తెలుస్తుందో చూడండి. రోజుకు 200 పోయింది. నెలకు 4,000. ఐదు నెలలకు 20,000! తెచ్చిన అప్పంతా అయిపోయింది. కానీ అసలు 20,000 అట్లాగే ఉంది. వడ్డీ లేదన్న అప్పుకు ఐదు నెలల్లో అసలంత వడ్డీ కట్టింది.

అక్కడితో ఆగదు. తూకంలో కిలోకు వంద గ్రాములు తరుగు అని తీసేస్తాడు. పది కిలోలకు ఒక కిలో. నెలకు ఇరవై కిలోలు. ఆ చేపలు ఎవరి గంపలోకి పోతున్నాయి?

ఈ లెక్క నోటితో చెబితే అతను ఒప్పుకోడు. "ఎప్పుడమ్మా? ఏ రోజు?" అంటాడు. పుస్తకం తెరిచి, ఈ తేదీన ఇంత, ఈ ధరకు అని చూపిస్తే మాట మారుతుంది. అప్పు ఒక్కరోజులో తీరదు. అది నిజం. కానీ పొదుపు సంఘంలో అప్పు తీసుకుని వ్యాపారి బాకీ తీర్చేయడం లాభమా, నష్టమా అని సంఘం మీటింగులో కూర్చుని తేల్చవచ్చు. పొదుపు సంఘం పుస్తకంలో ప్రతి రూపాయీ రాయించే ఆడవాళ్లు, తమ చేపల లెక్క మాత్రం వ్యాపారి బుక్కుకు వదిలేయడం ఏం న్యాయం?

ధరల సంగతి కూడా పుస్తకమే చెబుతుంది. ఆదివారం అమ్మినంతగా శనివారం అమ్ముడుపోవు. కార్తీక మాసంలో చాలా ఇళ్లలో నీచు ముట్టరు. మృగశిర కార్తె మొదలయ్యే రోజు, అంటే జూన్ 7, 8 తేదీల్లో, చేప తినాలనే అలవాటు చాలాచోట్ల ఉంది. ఇదంతా అందరికీ తెలిసిందే. కానీ ఎంత తేడా? కార్తీకంలో సగానికి పడిపోతుందా, పావు తగ్గుతుందా? అది తెలిస్తే ఆ నెల ఎంత పట్టాలో, ఎంత ఐసు కొనాలో తెలుస్తుంది. అమ్మని చేప ఐసులో ఉన్నా ఖర్చే.

సరే, డబ్బు లెక్క ఇట్లా ఉంది. నీళ్ల లెక్క ఇంకా ముఖ్యం.

సముద్రం మీద వేటకు పోయేవాళ్లకు హైదరాబాదు నుంచి కబురు అందుతుంది. అక్కడ ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1999లో పెట్టారు. ఉపగ్రహాలతో సముద్రం నీటి వేడిని, రంగును చూసి, ఫలానా వైపు చేపలు దొరికే వీలుందని వాళ్లు చెబుతారు. బుక్కపట్నం చెరువుకు ఉపగ్రహం అట్లా చెప్పదు. ఇక్కడ ఆ పని చెరువు గట్టు మీదివాళ్లే చేసుకోవాలి.

ఎట్లా? బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలు నిలిచిన చెరువు నీళ్లలో గుడ్లు పెట్టి పిల్లలు చేయవు. వాటికి వరద పారే నీళ్లు కావాలి. అందుకే ఏటా పిల్లలు తెచ్చి వదలాలి. కొరమీను, జిలేబి వేరు. అవి చెరువులోనే పెరుగుతాయి. కొరమీను పిల్లలు ఎర్రగా గుంపుగా నీళ్ల పైన తిరుగుతుంటాయి. కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ సమయంలో వాటిని పట్టేస్తే పిల్లలన్నీ పోతాయి. ఆ గుంపు కనిపించిన తేదీ, చోటు రాసుకుంటే వచ్చే ఏడు ఆ నెలలో అటు వల వేయకుండా ఉండొచ్చు.

పిల్లలు వదలాలంటే పెద్ద ప్రశ్న ఒకటి. నీళ్లు ఎన్ని నెలలు ఉంటాయి? ఈ సీమలో వాన ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరులో పడుతుంది. చెరువు అప్పుడు నిండితే వేసవికి ఎంత మిగులుతుంది? చిన్న పిల్లలు వదిలితే, అవి ఎదిగేలోగా చెరువు ఎండితే డబ్బు బురద పాలు. నీళ్లు తక్కువ కాలం ఉండే చెరువులో వేలెడు పొడవున్న పిల్లలు వదలడం మేలు. బాగా చిన్నవైతే వాలుగ, కొరమీను తినేస్తాయి కూడా.

ఈ ప్రశ్నకు జవాబు పాత పుస్తకంలోనే దొరుకుతుంది. తూము రాతి మీద రంగుతో గీతలు గీయండి. వారానికి ఒకసారి నీళ్లు ఏ గీత దగ్గర ఉన్నాయో రాయండి. దసరాకు నాలుగో గీత దగ్గర ఉన్న నీళ్లు సంక్రాంతికి ఎక్కడికి దిగాయి? ఉగాదికి ఎక్కడికి దిగాయి? రెండు మూడేళ్లు రాస్తే, దసరా నాడే ఉగాది సంగతి కొంతవరకు చెప్పొచ్చు. వాన కొలవాలంటే అడుగు, పైన ఒకే వెడల్పు ఉన్న డబ్బా ఆరుబయట పెట్టండి. చెట్టు కింద కాదు. వాతావరణ శాఖవాళ్లు పొద్దున ఎనిమిదిన్నరకు చూస్తారు. అదే వేళకు స్కేలు ముంచి చూసి రాయండి. వెంటనే డబ్బా ఒంపేయండి.

ఇది కుదిరే పనేనా అని సందేహం వద్దు. ఈ జిల్లాలో రైతులు చేసి చూపించారు. 2003 నుంచి కొన్నేళ్లు అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో భూగర్భ జలాల పథకం ఒకటి నడిచింది. ఆరు వందలకు పైగా ఊళ్లు. రైతులు, ఆడవాళ్లూ మగవాళ్లూ, బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో పదిహేను రోజులకు ఒకసారి కొలిచేవాళ్లు. వాన రోజూ కొలిచేవాళ్లు. పుస్తకంలో ఎక్కించి, ఊరి గోడ మీద బోర్డులో అందరికీ కనపడేట్లు రాసేవాళ్లు. రబీ పంటకు ముందు కూర్చుని, ఉన్న నీళ్లెన్ని, వేయబోయే పంటలకు కావాల్సిన నీళ్లెన్ని అని లెక్క వేసేవాళ్లు. నీళ్లు చాలవని తేలినచోట చాలామంది వరి తగ్గించుకుని, తక్కువ నీళ్లతో వచ్చే పంటలు వేశారు. బోరు నీళ్లు కంటికి కనపడవు. వాటినే కొలిచారు. చెరువు నీళ్లు ఎదురుగా కనపడుతున్నాయి కదా!

పిల్లలు వదిలే రోజు పుస్తకం తప్పకుండా వెంట ఉండాలి. సంచుల్లో పిల్లలు వస్తాయి. "సంచికి ఇన్ని" అంటారు. ఒక సంచి విప్పి గిన్నెతో లెక్కపెట్టండి. బతికినవి ఎన్ని, చచ్చినవి ఎన్ని చూడండి. తర్వాతే కాగితం మీద సంతకం. వేలిముద్ర వేసిన రోజుల్లో ఏం రాశారో తెలియకుండా వేశారు. ఇప్పుడు చదివి పెట్టాలి. కొన్ని చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘానిది. కొన్ని చెరువుల్లో వేలంపాట పాడినవాళ్లది. మహిళా మత్స్యకార సహకార సంఘాలు కూడా ఉన్నాయి. సంఘం జాబితాలో తన పేరు ఉందో లేదో ఆమె స్వయంగా చదివి చూసుకోవాలి. వలకు ముడి వేసేది, చేప మోసేది, అమ్మేది ఆమె. జాబితాలో మాత్రం భర్త పేరు ఒక్కటే ఉంటే అడగాలి.

పక్కనున్న కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఉంది. చెరువు కట్టిన వివరం రాయి మీద చెక్కించారు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. కట్టించినవాడి పేరు ఉంది. ఆ వెయ్యి మంది పేర్లు లేవు. అప్పట్లో వాళ్లకు రాయడం రాదు, రాయించుకునే దారి లేదు.

వేసవి పేజీల గురించి ఒక హెచ్చరిక. నీళ్లు తగ్గి, పచ్చగా చిక్కబడినప్పుడు తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. నీళ్లలో గాలి చాలడం లేదని అర్థం. మబ్బు పట్టిన రోజుల్లో ఇది ఎక్కువ. ఆ తేదీ, నీళ్ల గీత రాసుకోండి. వెంటనే సంఘానికి చెప్పి పెద్ద చేపలు పట్టేయాలి. రెండు రోజులు ఆగితే తెల్లగా తేలిపోతాయి. చచ్చి తేలిన చేపను అమ్మకూడదు, వండకూడదు. వచ్చే ఏడు నీళ్లు ఆ గీతకు రాకముందే వేట ముగించడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

2021 నవంబరులో ఎడతెగని వానలకు చిత్రావతి పొంగింది. చెరువులు నిండి మరవలు పారాయి. మరవ పారితే చేపలు కూడా నీళ్లతో పాటు దిగువకు పోతాయి. మరవకు వల అడ్డం కట్టిన తేదీ, పోయిన చేపల అంచనా రాసినవాళ్లకు, ఆ ఏడాది లెక్క ఎందుకు తగ్గిందో తెలుస్తుంది. రాయనివాళ్లకు దొంగలు పట్టుకుపోయారని అనుమానం మిగులుతుంది. ఊళ్లో తగాదా మొదలవుతుంది.

పుస్తకం అయిపోతే పారేయొద్దు. పొయ్యి రాజేయడానికి వాడొద్దు. బియ్యం డబ్బా మీదో, పెట్టె అడుగునో దాచండి. కొత్త పుస్తకం మొదటి పేజీలో పాతదానిలోంచి రెండు సంగతులు ఎక్కించండి: పోయిన ఏడు మరవ ఏ తేదీన పారింది, చెరువు ఏ తేదీన ఎండింది. అసలు నిండనే లేదంటే, "నిండలేదు" అని ఆ ఏడాది పేరు పెట్టి రాయండి.