వ్యాయామము - అర్ధశక్తి



వ్యాయామమనగానే పల్లెవాసులు చిఱునవ్వు నవ్వుదురు. ప్రొద్దు పొడిచినది మొదలు పొలమున వంగి పనిచేయువానికి తాలింఖానాతో పనియేమి యందురు. ఆ మాట ఒకనాడు నిజమే. కాని ఏతము, మోట పోయి విద్యుత్తు పంపు వచ్చినది. నాగలి స్థానమున ట్రాక్టరు నడచుచున్నది. ప్రక్కవీధికి పోవుటకును మోటారు సైకిలే! ఒళ్లు వంచుట తగ్గినది గాని విస్తరిలోని అన్నపురాశి తగ్గలేదు.

దేహమునకు స్థిరత్వమును, బలమును గూర్చు ఇష్టమైన చేష్టయే వ్యాయామమని చరకుడు నిర్వచించి, దానిని మితముగా ఆచరింపవలెనని హెచ్చరించెను. బలవంతులును, నేయి నూనెలు గల యాహారము భుజించువారును సైతము, అదియు చలికాలమున, వసంతమున, తమ శక్తిలో సగమే వినియోగింపవలెనని వాగ్భటుని మతము. తక్కిన ఋతువులలో అంతకంటెను తక్కువ. సగమును తూచుటకు తూనికరాళ్లు లేవు గదా! సుశ్రుతుడు దానికిని గుర్తు చెప్పెను: ఊపిరి నోటికి వచ్చునంతవఱకు చేసినచో అది అర్ధబలము. మాటలాడగలిగియు పాట పాడలేనంత వేగము చాలునని నేటి వైద్యులు చెప్పుట దీనికి దూరమైన మాట కాదు.

పాతగ్రంథములను నమ్మని యువకులకు లండను బస్సుల కథ వినిపింపవలెను. 1953లో జెరెమీ మారిస్ అను వైద్యుడు, ఆయన సహచరులును అచ్చటి రెండంతస్తుల బస్సుల ఉద్యోగులను పరిశీలించిరి. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు టిక్కెట్ల కొఱకు దినమునకు 500 మొదలు 750 వఱకు మెట్లెక్కును. ఇద్దఱిదియు ఒకే బస్సు, ఒకే వీధి. అయినను గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగా కనబడెను. ఉత్తరములు పంచు తపాలా బంట్రోతులకును, కూర్చుండి పనిచేయు గుమాస్తాలకును గల భేదమును అట్టిదే. అయితే డ్రైవర్ల నడుములు ఉద్యోగమున చేరునాటికే లావని వారి దుస్తుల కొలతలవలన 1956లో తేలినది. కనుక భేదమంతయు మెట్లదే యనుట తగదు. తన వాదమునకే ఎదురువచ్చు లెక్కను మారిస్ దాచలేదు. అది మెచ్చదగిన గుణము. నడక గుండెకు మేలని ఆ పిమ్మట జరిగిన అనేక పరిశోధనలు బలపఱచినవి.

కారణము గూఢము కాదు. కదలు కండరము రక్తములోని చక్కెరను తనలోనికి లాగికొనును. అలవాటుపడిన గుండె తక్కువ కొట్టుకొనియే ఎక్కువ రక్తమును పంపును. వయోజనులకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల ఓ మోస్తరు శ్రమ, రెండు దినములు కండరములకు బలము గూర్చు పని వలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలిపినది. దినమునకు అరగంట చొప్పున ఐదు దినములు చెఱువుగట్టుమీద చురుకుగా నడచిన 150 నిమిషములు నిండును.

పండుగ పందెములకై ఏడాదికొకమాఱు గుండు నెత్తు నడివయస్కులు మాత్రము సుశ్రుతుని గుర్తు మఱవరాదు. మధుమేహము, రక్తపుపోటు గలవారు ముందుగా వైద్యుని అడుగవలెను. నడచునప్పుడు ఱొమ్ము పట్టివేసినను, ఎడమచేయి లాగినను అక్కడనే ఆగి, వాయువని సోడా త్రాగి కూర్చుండక, వెంటనే ఆసుపత్రికి పోవలెను.