“మంచి ఏరియా” అంటే ఎవరికి మంచి?

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆస్తి హక్కు గురించి మనం చాలా కాలంగా మాట్లాడుతున్నాం. హక్కు రావడం ఒక ఎత్తు. ఆ హక్కుతో ఒక స్త్రీ తన పేరున ఇల్లు కొనుక్కోడానికి బయల్దేరినప్పుడు ఎక్కడ కొనాలి, ఎవరి మాట నమ్మాలి అన్నది ఇంకో ఎత్తు. ఈ రెండోదాని గురించి మనం తక్కువే మాట్లాడాం. ఇవాళ దాని గురించే చెప్తాను. ఉదాహరణ మాత్రం చాలా దూరం నుంచి తెస్తున్నాను. ఎందుకు తెచ్చానో చివరికి మీకే తెలుస్తుంది.

నాకు బాగా తెలిసిన ఒక తెలుగమ్మాయి కాలిఫోర్నియాలో నర్సు. విడాకులు తీసుకుంది, ఏడేళ్ల కూతురుంది. లాస్ ఏంజలెస్ నగరంలో ఇల్లు కొనే స్తోమత లేదు. ఉద్యోగం యాంటిలోప్ వ్యాలీలోనే కాబట్టి అక్కడే కొనుక్కుందామనుకుంది. ఒకరోజు ఫోన్ చేసి, “అక్కా, నువ్వు ఇలాంటివన్నీ చదివినదానివి కదా, మంచి ఏరియా ఏదో చెప్పు” అంది. నేను వెంటనే, “పడమర వైపు బాగుంటుందంటారు, తూర్పు వైపు వద్దు” అనేశాను. ఫోన్ పెట్టేశాక నాకే సిగ్గేసింది. ‘అంటారు’ అన్నాను. ఎవరంటారు?

యాంటిలోప్ వ్యాలీ లాస్ ఏంజలెస్‌కు ఉత్తరాన, కొండలకు అవతల, మొహావీ ఎడారి పడమటి కొసన ఉంది. సముద్రమట్టానికి 2,300 అడుగులకు పైన ఉన్న ఎడారి లోయ. వేసవిలో వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే ఎండ, చలికాలం రాత్రులు గడ్డకట్టే చలి, పడమటి నుంచి ఎడతెగని గాలి. పామ్‌డేల్, లాంకాస్టర్ అక్కడి రెండు పెద్ద పట్టణాలు. విమానాల కర్మాగారాలు, ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం వాటికి ఊపిరి. నగరంలో ఇళ్ల ధరలు అందనివాళ్లు కొండ దాటి ఇక్కడికొచ్చి కొంటారు. లాంకాస్టర్‌లో తూర్పు వీధుల్నీ పడమటి వీధుల్నీ విడదీసే రోడ్డు పేరు డివిజన్ స్ట్రీట్. పేరుకు తగ్గట్టే ధరలూ, మర్యాదలూ విడిపోయాయి.

ఈ విభజన దానంతటదే రాలేదు. ఒకప్పుడు పామ్‌డేల్, లాంకాస్టర్లలో నల్లజాతివాళ్లకు ఇళ్లు అమ్మేవారు కాదు. అందుకే వాళ్లు తూర్పున ఎడారిలో భూమి దొరికిన చోట కొనుక్కుని సన్ విలేజ్ అనే ఊరు కట్టుకున్నారు. అక్కడి పార్కుకు బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్‌సన్ పేరుంది. ఫలానా జాతివాళ్లకు అమ్మరాదని దస్తావేజుల్లో రాసుకున్న షరతులను కోర్టులు అమలు చేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో చెప్పింది. ఇళ్ల అమ్మకంలో జాతి వివక్షను నిషేధించే చట్టం 1968లో వచ్చింది. అందులో స్త్రీ అనే కారణంగా వివక్ష చూపరాదన్న మాట చేరింది 1974లో. అప్పు ఇచ్చే దగ్గర స్త్రీలపై వివక్షను నిషేధించిన చట్టం కూడా అదే సంవత్సరం వచ్చింది. అంతకుముందు భార్య జీతాన్ని బ్యాంకు లెక్కలోకి తీసుకోకపోవడం, ఒంటరి స్త్రీని మగవాళ్ల హామీ తెమ్మనడం మామూలు సంగతులు. అంటే మా అమ్మాయి ఇవాళ ఒంటరిగా బ్యాంకు గడప ఎక్కగలుగుతోందంటే, దాని వెనక జాతి వివక్షపైన పోరాటమూ స్త్రీల పోరాటమూ రెండూ ఉన్నాయి.

చట్టాలతో కథ ముగిసిందా? లేదు. అద్దెలో కొంత భాగం ప్రభుత్వం భరించే ‘సెక్షన్ 8’ వోచర్లతో పేద కుటుంబాలు ఈ లోయకు వచ్చాయి. అమెరికాలో ఈ వోచర్ల మీద బతికే కుటుంబాల్లో ఎక్కువ వాటికి స్త్రీలే పెద్దలు. “ఏరియా పాడైపోతోంది” అన్న గొడవ మొదలైంది. గృహవసతి అధికారులు తనిఖీకి వస్తే వెంట తుపాకులతో షెరిఫ్ సిబ్బంది కూడా వచ్చేవారు. నల్లజాతివాళ్లపై వివక్ష ఒక పద్ధతిగా సాగుతోందని అమెరికా న్యాయశాఖ 2013లో తేల్చింది. 2015లో ఒప్పందాలు కుదిరాయి. వోచర్ కుటుంబాలకు జరిగిన అన్యాయానికి పరిహారంగా దాదాపు 20 లక్షల డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది.

ఒక్కసారి ఆలోచించండి. పిల్లల్ని ఒంటరిగా పెంచుకుంటున్న ఒక స్త్రీ భద్రత కోసం “మంచి ఏరియా” వెతుక్కుంటోంది. అలాగే పిల్లల్ని పెంచుకుంటున్న ఇంకో స్త్రీ అక్కడ ఉండటమే ఆ ఏరియా మంచిది కాదనడానికి కారణమవుతోంది. మన భద్రత పేరు చెప్పి ఇంకో స్త్రీ గుమ్మం ముందుకు తుపాకీ పంపడాన్ని మనం ఒప్పుకుంటామా?

అలాగని భద్రత పట్టించుకోవద్దని నేననడం లేదు. రాత్రి డ్యూటీ చేసే ఆడమనిషికి అది చాలా పెద్ద ప్రశ్న. నేననేది, ప్రశ్న మార్చుకుందామని. “అక్కడ ఎవరుంటారు?” అని అడిగితే ఏజెంటు చెప్పకూడదు. జాతినిబట్టి కొనేవాళ్లను ఒక వైపుకు మళ్లించడం అక్కడ చట్టవిరుద్ధం. “అక్కడ ఏముంది?” అని అడగాలి. మేమిద్దరం కూర్చుని అలా ఒక జాబితా రాసుకున్నాం.

మొదటిది నీళ్లు. దశాబ్దాల తరబడి భూగర్భజలాలు తోడెయ్యడంతో లాంకాస్టర్ ప్రాంతంలో నేల కొన్నిచోట్ల ఆరడుగులకు పైగా కుంగింది. ఎవరెంత తోడుకోవాలో 2015లో కోర్టు తీర్పు చెప్పాల్సి వచ్చింది. ఊరి అంచున చవగ్గా దొరికే ఇంటికి కుళాయి ఉందా, బోరుందా, ట్యాంకరు తెప్పించుకోవాలా? బిందె మోసే మనకు ఈ ప్రశ్న విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండోది దుమ్ము. అక్కడి మట్టిలో ఉండే ఒక శిలీంధ్రం గాలితో లేచి ఊపిరితిత్తుల్లో చేరితే ‘వ్యాలీ ఫీవర్’ వస్తుంది. గర్భిణులకు అది ముదిరే ప్రమాదం ఎక్కువ. పక్కన ఖాళీ బీడు ఉందా, పనులు జరుగుతున్నాయా చూడాలి. మూడోది నేల. శాన్ ఆండ్రియాస్ భ్రంశం పామ్‌డేల్ దక్షిణపు అంచు మీదుగా పోతుంది. ఇల్లు ఆ భ్రంశ మండలంలో ఉంటే అమ్మేవాళ్లు ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పి తీరాలి. నాలుగోది దూరం. లాస్ ఏంజలెస్‌కు రైలుంది, కానీ రెండు గంటల పైనే. ఉద్యోగం నగరానికి మారితే బడి నుంచి పిల్లను ఎవరు తెస్తారు? చవక ఇల్లు స్త్రీ సమయాన్ని తినేస్తే అది చవక కాదు. అయిదోది పన్ను. కొత్త లేఅవుట్లలో మామూలు ఆస్తి పన్నుతోపాటు ‘మెల్లో-రూస్’ అనే అదనపు పన్ను ఉండొచ్చు. ఒక్క జీతం మీద బతికే ఇంట్లో అది నెలనెలా భారమే.

ఆరోది అన్నిటికన్నా ముఖ్యం. కాగితం. కాలిఫోర్నియాలో పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తి మామూలుగా భార్యాభర్తలిద్దరిదీ. అయినా ఒకరి పేరున అప్పు తీసుకుంటున్నప్పుడు, ఆస్తి వాళ్ల ఒక్కరిదేనని ఒప్పుకునే దస్తావేజు మీద రెండో వాళ్ల చేత సంతకం పెట్టించడం ఉంది. మా అమ్మాయి పెళ్లయిన కొత్తలో అలాంటి సంతకమే పెట్టింది. “లోను తొందరగా వస్తుందన్నారు” అంది. మన దగ్గర ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి అమలైంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. వచ్చినా పుట్టింటి సంబంధం తెగకూడదని అన్నదమ్ములకు హక్కు విడుదల చేస్తూ సంతకం పెట్టిన అక్కచెల్లెళ్లు ఈ హాల్లోనే ఉండి ఉంటారు. భాష వేరు, దస్తావేజు పేరు వేరు. పెట్టే చెయ్యి మాత్రం ఆడదానిదే.

“మంచి ఏరియా” మాట మనకూ కొత్త కాదు. ఇల్లు అద్దెకడిగితే ముందు కులం అడుగుతారు. మాంసం తింటారా అంటారు. ఒంటరి ఆడది అంటే తలుపు వేస్తారు. అలా తలుపు వేయించుకున్నవాళ్లమే, సొంత ఇల్లు కొనేటప్పుడు “చుట్టుపక్కల ఎవరున్నారు?” అని అడుగుతున్నాం.

మా అమ్మాయి చివరికి డివిజన్ స్ట్రీట్‌కు తూర్పునే ఇల్లు కొంది. కుళాయి ఉంది, వీధి దీపాలున్నాయి, ఆసుపత్రికి పది నిమిషాలు. ఎదురింట్లో ఇద్దరు పిల్లలతో ఉండే నల్లజాతి స్త్రీ అద్దెకుంటోంది. ఈమె రాత్రి డ్యూటీకి వెళ్తే పాప ఆమె దగ్గరే పడుకుంటుంది. ఆమె వోచరు మీద ఉంటోందని ఈమెకు తర్వాతెప్పుడో తెలిసింది. నా మొదటి సలహా విని ఉంటే ఆ పొరుగు ఆమెకు దొరికేది కాదు.

మీరు పనిచేసే ఊళ్లల్లో, బస్తీల్లో స్త్రీలు స్థలాలు, ఇళ్లు కొంటుంటే ఈ రెండు పనులు చేయమని కోరుతున్నాను. దస్తావేజు చదివి వినిపించకుండా ఎవరి చేతా సంతకం పెట్టనివ్వకండి. ఎవరైనా “అది మంచి ఏరియా కాదు” అంటే, ఎందుకు కాదో పూర్తిగా చెప్పమనండి. నీళ్లు లేవంటే వినండి. మనుషుల్ని చూపిస్తే వినొద్దు.