బెంగకు ఒక పీరియడ్

ఈ ఉక్కపోతలో నల్ల గౌన్లు తగిలించుకుని కూర్చున్న కొత్త టీచర్లకు ముందుగా కాస్త సానుభూతి.

బీఈడీ పట్టా పుచ్చుకునేవాళ్లకు మామూలుగా గురుబ్రహ్మ గురించి చెబుతారు. నేను కడుపునొప్పి గురించి చెబుతాను.

31 ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పాను. గోదావరి పక్క ఒక ఊళ్లో పనిచేస్తున్నప్పుడు ఎనిమిదో తరగతి కుర్రాడొకడికి శనివారం వస్తే చాలు, మొదటి పీరియడ్‌లోనే కడుపునొప్పి. మొదటి వారం ఓఆర్ఎస్ కలిపిచ్చాను. రెండో వారం నులిపురుగులేమోనని ఆల్బెండజోల్ మాత్ర మింగించాను. మూడో వారం పీహెచ్‌సీకి పంపిస్తే డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి ఏమీ లేదు పొమ్మన్నారు. నాలుగో వారం క్లాసందరి ముందూ, “ఏం నాయనా, శనివారం నొప్పి వచ్చేసిందా?” అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత వాడికి నొప్పి రాలేదు. అంటే, వచ్చినట్టు చెప్పలేదు.

మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఒకరోజు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, “అది కడుపునొప్పి కాదు మేడంగారూ, బెంగెట్టుకున్నాడండి” అంది. వాళ్లమ్మ కువైట్‌కి ఇంటిపనికి వెళ్లి ఏడు నెలలైందట. అక్కడ శుక్రవారం పూట కాస్త తీరిక దొరుకుతుంది, ఆ రాత్రి ఫోన్ చేస్తుంది. శనివారం మధ్యాహ్నం వీడి కంచం పెట్టింది పెట్టినట్టే వెనక్కొస్తుంది. కంచాలు చూసేది ఆవిడ కాబట్టి ఆవిడకు తెలిసింది. ఐదో తరగతితో ఆపేసిన మనిషి జబ్బు పేరు చెప్పింది. ఎమ్మెస్సీ చదివిన నేను నులిపురుగుల మందిచ్చాను.

ఆ రాత్రి నా పాఠ్యపుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. మలేరియా సంగతి అడగండి, మన పిల్లలు తడుముకోరు. దోమ పొట్టలో ఆ పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాద్‌లోనే పట్టుకున్నాడని కూడా చెబుతారు. ఏ విటమిన్ లోపిస్తే ఏ జబ్బో ఎక్కాల్లాగా అప్పజెబుతారు. నాడీకణం బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తారు. ఆ నాడీకణాలున్న తలలోకి దిగులు చేరితే ఏమవుతుందో, రెండు వారాలైనా అది వదలకపోతే ఎవరితో చెప్పుకోవాలో నేను చెప్పిన పుస్తకంలో ఒక్క పేరా లేదు.

మాటలు లేక కాదు. బెంగ, దిగులు, గుబులు, బెదురు, కుంగుబాటు: ఒక్కోటీ ఒక్కో రకం. చంటిపిల్ల అమ్మమ్మ ఊరి నుంచి వచ్చి జ్వరం తెచ్చుకుంటే బెంగజ్వరమని ముసలమ్మలు ఇట్టే కనిపెట్టేవాళ్లు. మనసులోది ఒంట్లోకి దిగుతుందన్న సంగతి ఆ ఒక్క మాటలోనే ఉంది. ఈ మాటలన్నీ వంటింట్లో ఉండిపోయాయి. బడిలోకి వచ్చినవి మాత్రం పిచ్చి, మెంటల్, సైకో. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో వాల్తేరు. అవి పేటల పేర్లు, అక్కడున్నవి సర్కారు మానసిక ఆసుపత్రులు. గుండె ఆసుపత్రి ఉన్న పేట పేరుతో ఎవరూ ఎవర్నీ తిట్టరు. ఆసుపత్రి పేరే తిట్టయిన చోట పిల్లాడు నాకు బాగోలేదని ఏ నోటితో చెబుతాడు?

కాగితం మీద పరిస్థితి ఇప్పుడు కొంత మారింది, ఆ మాట ఒప్పుకోవాలి. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో 11 అంశాలుంటే, భావోద్వేగాలు, మానసిక ఆరోగ్యం అందులో ఒకటి. బడికి ఇద్దరు టీచర్లు ఆ బాధ్యత చూడాలి. అయితే టైంటేబుల్ సంగతి నాకు తెలుసు. సంక్రాంతి సెలవులు అయిపోయాక ఆ పీరియడ్ లెక్కల స్పెషల్ క్లాసుగా మారిపోతుంది. ఆటల పీరియడ్ ముందే పోయి ఉంటుంది కనుక దానికి తోడు దొరుకుతుంది.

మనకు మేల్కోవడానికి అవకాశాలు రాలేదా? ఉమ్మడి రాష్ట్రంలో జూనియర్ కాలేజీ విద్యార్థుల ఆత్మహత్యల మీద నీరదా రెడ్డి కమిటీ నివేదిక ఇచ్చింది 2001లో. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఆ కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. 2022లో దేశం మొత్తం మీద ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మందని జాతీయ నేర గణాంకాలు చెప్పాయి. విశాఖలో నీట్ శిక్షణకు వచ్చిన 17 ఏళ్ల అమ్మాయి మరణం సుప్రీంకోర్టు దాకా వెళితే, 2025 జులైలో కోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, ఆ పైన విద్యార్థులున్న చోట కౌన్సెలర్ ఉండాలంది, మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం మానుకోమంది. ఆ చివరి మాట చదివినప్పుడు నా శనివారం నవ్వు నాకు వినిపించింది.

కౌన్సెలర్ వస్తే సరిపోతుందా, టీచర్లకు శిక్షణ ఇస్తే సరిపోతుందా అని అడిగేవాళ్లకు యూరప్‌లో జరిగిన ఒక అధ్యయనం చెబుతాను. 10 దేశాలు, 168 బడులు, 11,000 మందికి పైగా పిల్లలు. 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. కొన్ని బడుల్లో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. కొన్నిట్లో నిపుణులు పిల్లల్ని పరీక్షించారు. మరికొన్నిట్లో నేరుగా పిల్లలకే పాఠం పెట్టారు: నాలుగు వారాల్లో ఐదు గంటలు, ఎక్కువ భాగం పాత్రలు వేసి ఆడించడం, ఒక చిన్న పుస్తకం, ఆరు పోస్టర్లు. ఏడాది తర్వాత చూస్తే ఆత్మహత్యా ప్రయత్నాలు, అలాంటి తీవ్రమైన ఆలోచనలు దాదాపు సగానికి తగ్గింది ఈ మూడో రకం బడుల్లోనే. పాఠం పిల్లలకు చెప్పాలి. చిత్రం ఏమిటంటే ఇంత చిన్న సంగతి తేలడానికి పది దేశాలు కావలసి వచ్చింది.

మరి మీకు అంతగా నచ్చని అధ్యయనం ఇంకోటుంది. బిహార్‌లోని నలందా జిల్లాలో 70కి పైగా సర్కారు హైస్కూళ్లను తీసుకుని ఇలాంటి కార్యక్రమాన్నే పరీక్షించారు. కొన్ని చోట్ల టీచర్లు నడిపారు, కొన్ని చోట్ల శిక్షణ పొందిన మామూలు మనుషులు నడిపారు. ఆ మామూలు మనుషులు నడిపిన బడుల్లో వాతావరణం మారింది, పిల్లల్లో కుంగుబాటు తగ్గింది. టీచర్లు నడిపిన చోట తేడా కనిపించలేదు. నా వరకు దీన్ని మనవాళ్ల చేతకానితనం అనుకోను. ఓటర్ల జాబితా, భోజనం లెక్కలు, మరుగుదొడ్డి ఫొటోలు యాప్‌లోకి ఎక్కించడం, వీటి మధ్య ఇదొకటి నెత్తిన పెడితే అది కూడా రిజిస్టరు అవుతుంది. అందుకే ఈ పాఠానికి ఒక మనిషినీ ఒక పీరియడ్‌నీ అడగండి. అడగడానికి మొహమాటపడకండి. లెక్కల మాస్టారు లేకపోతే మనం ధర్నా చేస్తాం కదా.

మీరు డాక్టర్లు కానక్కర్లేదు. మూడు రోజులు కంచం అలాగే వదిలేసే పిల్ల మీ కంట పడాలి, అంతే. పక్కకు పిలిచి, గోడ వైపు నిలబెట్టకుండా చెట్టు కింద కూర్చోబెట్టి అడగండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ’ అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని నేనూ భయపడేదాన్ని. పుట్టదు. అడిగినందుకు బరువు దిగినవాళ్లే ఎక్కువ. తర్వాత ఒంటరిగా వదలకుండా ఇంట్లో పెద్దవాళ్లకూ డాక్టరుకూ అప్పజెప్పండి. 2022 అక్టోబరు నుంచి టెలిమానస్ అనే హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. బడి పరువనీ పోలీసు కేసనీ కప్పిపెట్టే హెడ్మాస్టర్లు తగిలితే, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ శిక్షించరాదనీ 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోందని వినయంగా గుర్తుచేయండి. వినయం అవసరం, సర్వీసు కొత్త.

మా కుర్రాడి బెంగ సంగతి తెలిసిన ఏడాది నేను పుస్తకం లేకుండానే ఒక పీరియడ్ తీసుకున్నాను. తలా ఒక చీటీ ఇచ్చి, ‘నాకు బెంగ వచ్చినప్పుడు ఏం చేస్తానంటే’ అని బోర్డు మీద రాసి, మిగతాది పూర్తి చేయమన్నాను. పేర్లు రాయొద్దన్నాను. 43 చీటీలు వచ్చాయి. ఒకరు గేదె పక్కన కూర్చుంటానని రాశారు. ఇంకొకరు క్రికెట్ ఆడతానని రాసి కొట్టేసి, ఏమీ చేయనని రాశారు. నాన్న తాగొచ్చిన రోజు మేడ మెట్ల మీద పడుకుంటానని మరొకరు.

ఒక్క చీటీ మీద మాత్రం, వద్దన్నా, పేరూ రోల్ నంబరూ సెక్షనూ అన్నీ ఉన్నాయి. మా శనివారం కుర్రాడిది.