అస్పృశ్యతా నివారణ శాసనములు - గ్రామజీవనము



కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల, కృష్ణకుత్తరమున వనపర్తి, నాగర్‌కర్నూలు. సంస్థానములు, జాగీర్లు పోయి ప్రజాపాలన వచ్చినను ఈ సీమలలో ఊరిబావికడ, గుడివాకిట, హోటలు గ్లాసుకడ నిలిచిన అడ్డుగోడ వెంటనే కూలలేదు. దానిని కూల్చుటకై శాసనములు పుట్టినవి.

1948 సెప్టెంబరు పోలీసుచర్య పిమ్మట, 1358 ఫసలీలోనే, హైదరాబాదు రాజ్యమున హరిజనుల దేవాలయ ప్రవేశమునకొకటి, సాంఘిక నిర్బంధముల తొలగింపునకొకటి, రెండు శాసనములు వెలువడినవి. 1950 జనవరి 26న అమలైన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. 1955 జూన్ 1 నుండి అస్పృశ్యతా నేరముల చట్టము దేశమంతటను అమలులోనికి వచ్చినది. దుకాణము, హోటలు, బావి, చెరువు, స్నానఘట్టము, బాట - వీనిలో దేనిని అడ్డగించినను నేరమే. బాధితుడు షెడ్యూల్డు కులమువాడైనచో, ఆ చర్యకు అస్పృశ్యతయే కారణమని న్యాయస్థానము భావించవలెను; కాదని నిరూపించు భారము నిందితునిదే.

అయినను ఆ చట్టమున రాజీకి తావుండెను. ఎవరి పొలమున కూలిచేసి పొట్టపోసికొనునో వానిమీదనే ఫిర్యాదు చేసిన పేదకు రాజీయనగా నోరుమూసికొనుటయే. 1976లో దీనిని సవరించి, పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చిరి. రాజీ నిషిద్ధమైనది; కనీసము ఒక నెల ఖైదు విధిగా ఏర్పడినది; దర్యాప్తును బుద్ధిపూర్వకముగా ఉపేక్షించిన ఉద్యోగియు నేరమునకు తోడ్పడినవాడుగా ఎంచబడును.

అమెరికాలో నల్లజాతివారిని హోటళ్లలో చేర్చుకొనకుండుట 1964 నాటి పౌరహక్కుల చట్టముచే నిషేధింపబడినది. అచట వర్ణము, ఇచట కులము, అవమానమొక్కటే.

శాసనమున్నంత మాత్రమున రక్షణ సిద్ధించునా? 1985లో కారంచేడు, 1991లో చుండూరు ఆ ప్రశ్నను రక్తముతో వ్రాసినవి. ఈ రెంటి నడుమ 1989లో అత్యాచార నిరోధక చట్టము వచ్చినది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక న్యాయస్థానము శిక్షలు విధింపగా, 2014లో హైకోర్టు వానిని కొట్టివేసినది. సాక్ష్యము నిలువనిచోట చట్టము చేయి అందదు. ఊరిలో నిర్భయముగా సాక్ష్యము పలుకువారు పదుగురుండుటయే దాని బలము.

గ్రంథాలయము ఈ విషయమున చేయదగిన పని కలదు. చట్టప్రతిని తెలుగున బల్లపై నుంచవలెను. చదువరానివారికి చదివి వినిపింపవలెను. ఫిర్యాదు వ్రాయ నెరుగనివారికి వ్రాసిపెట్టవలెను. ప్రతినెలయు అధికారులు గ్రామములలో జరుపు పౌరహక్కుల దినమునకు ఊరందరు కదలిరావలెను. పఠనమందిరమున అందరికి ఒకే చాప, ఒకే కుండ, ఒకే గ్లాసు ఉన్ననాడు, అచట చదివిన బాలుడు వేరుగ్లాసు నిచ్చు హోటలును చూచి ఇది నేరమని పలుకగలడు.