ఫతే దర్వాజా చప్పట్లు

గోలకొండను చూచినవారు మీలో పెక్కురుందురు. అచ్చట ఫతే దర్వాజా గుమ్మటము క్రింద చప్పట్లు చఱచినచో, సుమారొక కిలోమీటరు దూరమున, కొండకొమ్మునందలి బాలాహిస్సారున వినఁబడును. వంపు తిరిగిన కప్పు ధ్వనిని చెదరనీయక పైకి మరలించును. రాకపోకలను పైవారికెఱిఁగించుటకు ఇది ఉపకరించెనందురు. అయినను 1687లో, ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట, లోపలివాఁడే లంచమునకు లోఁబడి తలుపు తెఱవఁగా కోట మొగలాయిల వశమయ్యెను. హెచ్చరింపవలసినవాఁడు మిన్నకున్నచో గుమ్మటమేమి చేయఁగలదు?

నేఁడు బడులలోను ఆసుపత్రులలోను మైకులు, ప్రమాదఘంటలు అమర్చుచున్నారు. మంచిదే. కాని బడి విడుచు గంటయు, నిప్పంటుకొన్నపుడు మ్రోగు గంటయు నొక్కటియే యైనచో పిల్లలకెట్లు తెలియును? ఆపదకు వేఱు గంట యుండవలెను. విద్యుత్తు పోయినను అది మ్రోగవలెను. మ్రోగించువాఁడెవఁడో, విన్నవారే త్రోవను వెడలవలెనో ముందే నిర్ణయించి, పలుమాఱులు అభ్యాసము చేయింపవలెను. మీ యూరి బడిలో నీ యేర్పాటు కలదో లేదో రేపే విచారింపుఁడు.