తళుకు మర్మము



ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఏ యింటనైనను ఇత్తడి చెంబును, మట్టికుండను ఒకే దీపము క్రింద నుంచి చూడుడు. చెంబుపై చురుకైన తళుకు నిలుచును. కుండపై వెలుగు మసకగా పరచుకొనును. వస్తువు దేనితో చేసినదో కంటికి చెప్పునది చాలవరకు ఈ తళుకే.

కంప్యూటరు చిత్రములలో దీనికొక సులభసూత్రము కూర్చినవాడు వియత్నాములో పుట్టిన బుయి తువాంగ్ ఫాంగ్. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమున 1973లో ఆ పరిశోధన ముగించెను. 1975లో అది పత్రికలో వెలువడెను. ఆ యేడే, ముప్పదిమూడేండ్లయినను నిండకమునుపే, ఆయన కన్నుమూసెను. ఆ సూత్రమున సవరింపదగినవి ముఖ్యముగా రెండు: తళుకు బలము, ఘాతాంకము. ఘాతాంకము 10 అయినచో వెలుగు పరచుకొనును. 200 అయినచో సూదిమొనవలె కుదియును. అయితే కుదిసినంత మాత్రమున నడుమ కాంతి హెచ్చదు. ప్రకృతిలో హెచ్చును గనుక బలమును గూడ పెంచవలెను.

అసలు చిక్కు రంగులో నున్నది. ఏటికొప్పాక లక్కబొమ్మ ఎఱ్ఱనిదైనను దానిపై తళుకు దీపపు తెలుపే. పెంబర్తి ఇత్తడిపై తళుకు మాత్రము పసుపుచాయ దాల్చును. లోహము తన వన్నెను తళుకునకును పూయును. ఇత్తడికి తెల్లని తళుకు పెట్టినచో ఎంత శ్రమించినను అది రంగువేసిన ప్లాస్టిక్కుగనే కనబడును. తెరపై కొన్ని కిరీటములు వెలవెలబోవుటకు ఇదియు నొక కారణము కావచ్చును.